కొట్టేసిన ఏడాది: హోవర్డ్ ఫుట్‌బాల్ జట్టు, 1970–74

మన పూర్వ విద్యార్థుల సంఘం 1974లో పుట్టింది. స్వర్ణోత్సవ సంచికకు ఆ కాలం గురించి ఒక చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం అడిగింది. రైల్వే సమ్మె గురించో, పోఖ్రాన్ గురించో రాస్తానని వాళ్లు అనుకుని ఉంటారు. రెండూ ఆ ఏడాది మే నెలలోనే జరిగాయి. కానీ క్వార్టర్లలో పొయ్యి వెలగని ఆ రోజుల గురించి మన పెద్ద బ్యాచ్‌ల వాళ్లు నాకంటే బాగా రాయగలరు. నేను ఇరవై రెండేళ్లుగా వాషింగ్టన్ పక్కన మేరీల్యాండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ 1974 అనగానే నాకు తోచేది ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు. దాని కథకీ, మన హెడ్‌మాస్టరు గదిలో పదకొండు రోజులు మాత్రమే ఉన్న ఒక షీల్డుకీ ఏదో చుట్టరికం ఉందని నాకు ఎప్పటినుంచో అనిపిస్తోంది.

ముందు పేరు సంగతి. ఇది హార్వర్డ్ కాదు, హోవర్డ్. మా అమ్మకి ఈ తేడా చెప్పడానికి నాకు మూడు ఫోన్ కాల్స్ పట్టాయి. హోవర్డ్ విశ్వవిద్యాలయం అమెరికా అంతర్యుద్ధం ముగిసిన రెండేళ్లకి, 1867లో, వాషింగ్టన్ నగరంలో మొదలైంది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి ప్రజల చదువు కోసం పుట్టిన సంస్థల్లో పేరున్నది. అమెరికా సుప్రీంకోర్టులో మొట్టమొదటి నల్లజాతి న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ లా చదివింది ఇక్కడే. నోబెల్ అందుకున్న రచయిత్రి టోనీ మారిసన్, మనవాళ్లందరికీ తెలిసిన కమలా హారిస్ ఇక్కడి విద్యార్థులే. మనకు ఇంకో దారి కూడా ఉంది. ఈ విశ్వవిద్యాలయానికి మొదటి నల్లజాతి అధ్యక్షుడైన మోర్డెకాయ్ జాన్సన్ భారతదేశం చూసి వెళ్లి, 1950లో ఫిలడెల్ఫియాలో గాంధీ గురించి ఒక ఉపన్యాసం ఇచ్చారు. అది విన్న ఒక యువ విద్యార్థి వెంటనే వెళ్లి గాంధీ మీద పుస్తకాలు కొనుక్కున్నాడు. అతని పేరు మార్టిన్ లూథర్ కింగ్.

ఇక ఆట. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని అమెరికాలో సాకర్ అంటారు. 1960లలో, 70లలో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. కాలేజీ స్థాయిలో మాత్రం ఒక కోట ఉండేది: సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం. దేశవ్యాప్త కళాశాలల క్రీడాసంఘం (అందరూ ఎన్‌సీఏఏ అంటారు) 1959లో సాకర్ పోటీలు మొదలుపెట్టినప్పటి నుంచి 1973 వరకు సెయింట్ లూయిస్ పదిసార్లు విజేత. వాళ్ల జట్టులో ఎక్కువమంది ఆ ఊరి కుర్రాళ్లే, చర్చి పేటల లీగుల్లో చిన్నప్పటి నుంచి కలిసి ఆడినవాళ్లు. కోచ్ హ్యారీ కియో కూడా ఆ ఊరివాడే. 1950 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌ను 1-0తో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరచిన అమెరికా జట్టులో ఆయన ఆడాడు. బతుకుతెరువుకి తపాలా శాఖలో పనిచేసేవాడు. ఈ కథలో ఎదుటి పక్షం వాళ్లే అయినా, ఆ జట్టు మీద నాకు గౌరవం తప్ప ఇంకోటి లేదు.

హోవర్డ్ జట్టు దానికి పూర్తిగా తిరగేసిన బొమ్మ. ట్రినిడాడ్, జమైకా, నైజీరియా, గినీ లాంటి దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లు. ఎవరో ఆట కోసం ఏరి తెచ్చారనిపించవచ్చు. నిజానికి ఆ దారి చాలా పాతది. స్వతంత్ర ట్రినిడాడ్‌కి మొదటి ప్రధాని ఎరిక్ విలియమ్స్ అంతకు ముందు హోవర్డ్‌లో పాఠాలు చెప్పిన ఆచార్యుడు. నైజీరియా మొదటి అధ్యక్షుడు అజికివే యువకుడిగా అక్కడ చదివాడు. నైజీరియాకి 1960లో, జమైకా, ట్రినిడాడ్‌లకి 1962లో స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త దేశాల పిల్లలు డిగ్రీల కోసం హోవర్డ్‌కి వచ్చేవారు. వస్తూ వస్తూ కాళ్లలో ఆట తెచ్చుకునేవారు. అమెరికా కుర్రాడికి బాస్కెట్‌బాల్ ఎంతో వాళ్లకి ఫుట్‌బాల్ అంత.

1970లో వాళ్లకి కోచ్‌గా వచ్చినవాడు లింకన్ ఫిలిప్స్. ట్రినిడాడ్ జాతీయ జట్టు గోల్‌కీపర్. 1980 దాకా హోవర్డ్‌లోనే ఉన్నాడు. ఆయన గురించి చదివినప్పుడల్లా నాకు మన హైదరాబాద్ రహీం సాబ్ గుర్తొస్తారు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడి పంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి తెచ్చింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది ఆయనే. జకార్తాలో మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడి, ఫైనల్లో అదే కొరియాను 2-1తో గెలిచాం. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకి ఒక పేజీ ఉండాల్సింది, ఆ సంగతి ఇంకోసారి.

ఫిలిప్స్ వచ్చిన ఏడాదే హోవర్డ్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. 1971లో ఒక్క ఆట కూడా ఓడలేదు. డిసెంబరు చివర మయామిలోని ఆరెంజ్ బౌల్ స్టేడియంలో ఆఖరి ఆటలు. సెమీఫైనల్లో ఎదుటివాళ్లు ఎవరనుకున్నారు? హార్వర్డ్! 1-0తో హోవర్డ్ గెలిచింది. (ఈ ఫలితం చెప్పాక మా అమ్మ రెండు పేర్లూ మళ్లీ కలపలేదు.) ఫైనల్లో సెయింట్ లూయిస్. అంతకు ముందు రెండేళ్లూ వరుసగా కప్పు ఎత్తుకెళ్లిన జట్టు. హోవర్డ్ 3-2తో గెలిచింది. నల్లజాతివారి కోసం స్థాపించిన ఒక విశ్వవిద్యాలయం ఎన్‌సీఏఏ అగ్రశ్రేణి పోటీలో జాతీయ విజేత కావడం, ఏ ఆటలోనైనా సరే, అదే మొదటిసారి.

ఆ గెలుపు ఏడాది పైచిలుకు నిలిచింది. కొందరు ఆటగాళ్ల అర్హత మీద విచారణ మొదలైంది. 1973 జనవరిలో ఎన్‌సీఏఏ తీర్పు చెప్పింది: 1971 విజయం రద్దు, 1973లో జాతీయ పోటీల్లో ఆడరాదు. ఆ కప్పుని రెండో స్థానంలో ఉన్నవాళ్లకి ఇవ్వలేదు. రికార్డు పుస్తకంలో ఆ ఏడాది విజేత గడి ఖాళీ అయిపోయింది.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్లాలి. ఎందుకంటే ఈ కథని ఇష్టపడేవాళ్లు ఈ భాగాన్ని గబగబా దాటేస్తారు. అభియోగాలు మూడు నిబంధనల మీద. ఒకటి, కాలేజీలో మొదట చేరిన రోజు నుంచి ఐదేళ్లలోపే ఆడాలి. రెండు, మొదటి ఏడాది కనీసం 1.600 సగటు మార్కులు వస్తాయని ముందుగానే పరీక్షల ద్వారా అంచనా వేసి చూపాలి. మూడోది విదేశీ విద్యార్థి నిబంధన: 19 ఏళ్లు నిండిన తరువాత, కాలేజీలో చేరకముందు, విదేశీ విద్యార్థి తన దేశంలో ఏ జట్టుకి ఆడినా ఆ ఏడాదిని కాలేజీలో ఆడిన ఏడాదిగా లెక్కవేస్తారు. అమెరికా కుర్రాడు అదే వయసులో తన ఊళ్లో ఏ క్లబ్బుకి ఆడినా లెక్కలోకి రాదు. ట్రినిడాడ్ కుర్రాడు తన పేట జట్టుకి ఆడితే వస్తుంది.

హోవర్డ్ కోర్టుకెళ్లింది. వాషింగ్టన్‌లో జడ్జి గెసెల్ ఈ మూడో నిబంధన రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. 1975లో అప్పీలు కోర్టు కూడా అదే మాట అంది. కానీ మిగతా రెండు నిబంధనలూ చెల్లుతాయనీ, వాటి మీద వేసిన శిక్ష నిలుస్తుందనీ రెండు కోర్టులూ చెప్పాయి. అంటే హోవర్డ్ వైపు తప్పేమీ లేదని నేను రాయలేను. కాగితాలు సరిగ్గా చూసుకోలేదు. అలాగే, తూకం సమానంగా ఉందని కూడా రాయలేను. విదేశీ ఆటగాళ్లు వేరే కాలేజీల్లోనూ ఉన్నారు. ఇక ఆ 1.600 నిబంధన సంగతి: దాన్ని ఎన్‌సీఏఏ 1973లో తానే ఎత్తేసింది. నిబంధన పోయింది, దాని కింద పడ్డ శిక్ష మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు మన షీల్డు. మా బ్యాచ్ వాళ్లకి గుర్తుండే ఉంటుంది. రైల్వే గ్రౌండు పుణ్యమా అని మన బడికి ఫుట్‌బాల్ అబ్బింది. నేను తొమ్మిదిలో ఉండగా జోనల్ ఫైనల్ గెలిచాం. నేను ఆడలేదు, నిమ్మకాయ ముక్కల గిన్నె పట్టుకుని గీత బయట నిలబడ్డవాణ్ణి. షీల్డు హెడ్‌మాస్టరు గారి బీరువా మీద పదకొండు రోజులుంది. పన్నెండో రోజు ఎదుటి బడి వాళ్ల ఫిర్యాదు మీద కాగితం వచ్చింది. మనవాళ్లలో ఒకడు పదో తరగతి తప్పి మళ్లీ చేరినవాడు, వయసు నాలుగు నెలలు ఎక్కువ. అది నిజమే. డ్రిల్లు మాస్టారు షీల్డుని పాత తువ్వాలులో చుట్టి, సైకిలు వెనక కట్టుకుని, తనే వెళ్లి ఇచ్చి వచ్చారు. ఆ కుర్రాడు మళ్లీ గ్రౌండుకి రాలేదు. పదోసారి అడిగితే గానీ దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. గెలిచిన పదిమందికీ ఆ ఏడాది లేకుండా పోయింది.

హోవర్డ్‌లో ఏం జరిగిందో చూస్తే అందుకే నాకు ఆసక్తి. 1972లో జట్టు మళ్లీ సెమీఫైనల్ దాకా వచ్చి సెయింట్ లూయిస్ చేతిలోనే ఓడింది. కప్పు సెయింట్ లూయిస్‌ది. 1973లో హోవర్డ్‌కి జాతీయ పోటీల తలుపు మూసి ఉంది. ఆ ఏడాది కూడా కప్పు సెయింట్ లూయిస్‌దే. ఏ పతకమూ లేదని ముందే తెలిసిన సీజన్లో రోజూ సాయంత్రం బూట్లు కట్టుకుని గ్రౌండుకి రావడం ఎలాంటిదో ఆ గిన్నె పట్టుకున్నవాడిగా నేను కొంత ఊహించగలను. 1974 విజయం గురించి అందరూ రాస్తారు. నన్నడిగితే ఆ జట్టు తయారైంది 1973లో.

1974లో వాళ్లు దిగినప్పుడు పట్టుకున్న నినాదం, అణచిన సత్యం గురించి విలియం కల్లెన్ బ్రయాంట్ అనే పాత అమెరికన్ కవి రాసిన ఒక పాదం. కింగ్ తన ప్రసంగాల్లో తరచూ వాడేవాడు. ఆ సీజన్లో 19 ఆటలు, 19 గెలుపులు. కొట్టిన గోల్స్ 63, ఇచ్చినవి 6. ఫైనల్ ఎక్కడో చూడండి: సెయింట్ లూయిస్ నగరంలో, బుష్ స్టేడియంలో, సెయింట్ లూయిస్ జట్టుతోనే, వాళ్ల సొంత జనం ముందు. నిర్ణీత సమయం ముగిసేసరికి 1-1. అదనపు సమయం ఒకటి, రెండు, మూడు. డిసెంబరు చలి. నాలుగో అదనపు సమయంలో నైజీరియా కుర్రాడు కెన్నెత్ ఇలోడిగ్వే గోల్ కొట్టాడు. 2-1. ఈసారి ఎవరి కాగితాల మీదా ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు.

ఆ తరువాత సెయింట్ లూయిస్ ఇంతవరకు ఇంకో జాతీయ విజయం చూడలేదు. హోవర్డ్ 1988లో మళ్లీ ఫైనల్‌కి వెళ్లి ఇండియానా చేతిలో 1-0తో ఓడింది. ఈ కథ మీద కొన్నేళ్ల కిందట స్పైక్ లీ నిర్మాణంలో ఒక చిన్న డాక్యుమెంటరీ వచ్చింది. అంతకు ముందు నలభై ఏళ్లు ఇది ఆ జట్టు ఇళ్లలో చెప్పుకునే కథే.

ఎన్‌సీఏఏ పట్టికలో నేటికీ 1971 ఎదురుగా విజేత లేదు. హోవర్డ్ వాళ్లు మాత్రం ఎవరు అడిగినా రెండేళ్లూ కలిపే చెబుతారు. 1971 చెప్పకుండా 1974 చెప్పడం వాళ్లకి చేతకాదు. చెప్పినా అర్థం కాదు.

ఈ సంచిక కోసం సంపాదకులు తయారుచేసిన ‘మన క్రీడా విజయాలు’ పట్టిక నాకు వాట్సాప్‌లో పంపారు. మా తొమ్మిదో తరగతి ఏడాది అందులో లేదు. తప్పు వాళ్లది కాదు, రిజిస్టర్లో ఉన్నదే ఎక్కించారు. నేను డ్రిల్లు మాస్టారికి ఫోన్ చేశాను. ఎనభై నాలుగేళ్లు. నా పేరు గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. ఆ ఫైనల్లో మనం ఎంతకి గెలిచామండీ అని అడిగాను.

“ఒకటి-సున్నా,” అన్నారు వెంటనే. “రెండో సగంలో, కార్నర్ నుంచి. కొట్టింది వాడే.”