మొర్రి వెనకున్న ఎముక

హోసూరు, కృష్ణగిరి పల్లెల్లోని తెలుగిళ్లలో పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూడగానే నోటికొచ్చే మాట గ్రహణం మొర్రి. ఇరుగుపొరుగు తమిళంలోనూ కన్నడంలోనూ పెదవి చీలిక అని ఉన్నదున్నట్టు చెప్పే మాటలున్నాయి. మన మాట అలా కాదు, కారణాన్ని కూడా తనలో కలిపేసుకుంది. ఆ కారణం చివరికి బాలింత మీదకే వస్తుంది. కడుపుతో ఉండగా గ్రహణం నాడు ఆమె బయటికి వచ్చిందని, కత్తి పట్టిందని, కూరగాయలు తరిగిందని ఇంటిల్లిపాదీ లెక్క తీస్తారు.

ఈ లోపం చరిత్రను మనకు చెప్పే తీరు కూడా నాకు సంతృప్తి కలిగించలేదు. సుశ్రుతుడితో మొదలుపెడతారు, మైసూరు యుద్ధాల నాటి ముక్కు ఆపరేషన్ మీదుగా నేటి ఉచిత క్యాంపుల దగ్గర ముగిస్తారు. దారి తిన్నగానే కనిపిస్తుంది. కానీ ఇది పెదవి చరిత్ర మాత్రమే. చాలామంది బిడ్డల్లో చీలిక పెదవితో ఆగదు, దాని వెనకున్న పై దవడ ఎముకదాకా పోతుంది. ఆ ఎముకను వదిలేసినందువల్ల చరిత్రలోనూ, కారణాల చర్చలోనూ, ఇవాళ్టి వైద్యంలోనూ ఒకే తప్పు జరుగుతూ వచ్చిందని నా అభిప్రాయం.

నాలుక కొనను పై పళ్ల వెనక ఆనించి చూడండి. సరిగ్గా మధ్యలో చిన్న బుడిపె తగులుతుంది. దాని వెనక ముడతలు, ఆ వెనక గట్టి అంగిలి, ఇంకా లోపల మెత్తటి అంగిలి, చివర కొండనాలుక. ఆ బుడిపె ఉన్నచోటే ఎముకలో ఒక చిన్న రంధ్రం ఉంది. చీలికల శాస్త్రమంతా ఆ రంధ్రాన్నే సరిహద్దు రాయిగా పెట్టుకుంది. దానికి ముందున్నవి పెదవి, చిగురు. వెనకున్నది అంగిలి. పై దవడ ఒకే ఎముకలా అనిపిస్తుంది గాని, నిజానికి కుడి ఎడమల రెండు ఎముకలు నడిమధ్యన కలిసినది. మన పాఠ్యపుస్తకాల్లో దీని పేరు జంభిక. లోపల బోలుగా ఉంటుంది, అందుకే తేలిక. ఒక కొమ్మ పైకి ముక్కు పక్కగా నుదుటి ఎముకను, ఒకటి పక్కకు చెంప ఎముకను అందుకుంటాయి. ఒకటి కిందికి దిగి పళ్లను పట్టుకుంటుంది, ఇంకొకటి లోపలికి సాగి నోటికి చూరవుతుంది. కంటిగుంట అడుగు, ముక్కు పక్కగోడ, నోటి పైకప్పు, ఈ మూడింటిలోనూ దీని పాలుంది. కాబట్టి ఇందులో లోపం వస్తే తినడం, మాట్లాడటం, పళ్ల వరస, ముఖం తీరు అన్నీ దెబ్బతింటాయి.

ముందున్న నాలుగు కొరికే పళ్లను మోసే భాగం వేరే ఎముకా కాదా అన్నది పెద్ద వివాదం. కోతుల్లో చూసి పాతకాలపు గ్రీకు వైద్యుడు గేలెన్ ఉందన్నాడు, 1543లో శరీరశాస్త్రవేత్త వెసేలియస్ మనిషిలో లేదన్నాడు. 1784లో జర్మన్ కవి గోథే పసివాళ్ల పుర్రెల్లో దాని అతుకు గీత చూపించాడు. గోథేనే కనుక్కున్నాడని రాసేవాళ్లు, ఫ్రాన్సులో విక్ దజీర్ అంతకు ముందే ఆ మాట చెప్పాడన్నది మరిచిపోతుంటారు. మనకు కావలసింది ఆ గీత చోటు. కొరికే పళ్లకూ కోరపన్నుకూ మధ్యనుంచి అది ఆ రంధ్రం వైపు సాగుతుంది. చిగురు చీలి పుట్టిన బిడ్డలో సాధారణంగా చీలిక కూడా ఆ దగ్గరే ఉంటుంది.

ఇక మన పాత గ్రంథాలు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 16వ అధ్యాయంలో చెవి, ముక్కు అతికించే పద్ధతులు చెప్పి, ముక్కులో పెట్టే గొట్టాలు మినహా పెదవికీ అదే విధానమని ఒక్క మాటలో ముగించారు. అది గాయపడ్డ పెదవికా, పుట్టుకతో చీలినదానికా అన్నది అక్కడ తేలదు. అందరూ సుశ్రుతుడి పేరే చెబుతారు గాని నాకు వాగ్భటుడి సాక్ష్యం బలంగా కనిపిస్తుంది. అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో ఖండౌష్ఠం అనే పేరుతో రెండుగా చీలిన పెదవిని ఒక రోగంగా చెప్పి, అంచులు గీకి కుట్టి పుండులా చూసుకోమన్నాడు. అంచులు గీకకుండా కుడితే అతకదన్నది నేటి సర్జన్లకూ మొదటి పాఠమే. అయినా అక్కడా ఉన్నది పెదవే. ఎముక చీలితే ఏం చేయాలో లేదు.

మన ప్రాంతానికి ఈ చరిత్రలో చోటిచ్చేది మూడో మైసూరు యుద్ధం. 1791లో హోసూరు ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. అదే ఏడు నవంబరులో కృష్ణగిరి దుర్గం మీద దాడి విఫలమైంది. 1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో కృష్ణగిరితో కూడిన బారామహల్ సీమ కంపెనీకి పోయింది. ఆ యుద్ధంలో టిప్పు సైనికులకు పట్టుబడి ముక్కు, చెయ్యి పోగొట్టుకున్న ఎడ్లబండివాడు కావస్‌జీకి పుణె ప్రాంతంలో నుదుటి చర్మంతో ముక్కు కట్టిన సంగతి 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది. యూరప్ సర్జన్లను అది కదిలించిన మాట నిజం. కానీ అది కోసిన ముక్కు కథ. చీలి పుట్టిన బిడ్డలకు బారామహల్ పల్లెల్లో వైద్యం జరిగేదనడానికి దాన్ని సాక్ష్యంగా చూపడం సరికాదు. గర్వపడవలసిన చోట గర్వపడదాం, లేనిదాన్ని కలపొద్దు.

కారణం దగ్గర కాస్త ఆగాలి. గర్భం నిలిచిన 4వ వారం నుంచి ముఖం రూపుదిద్దుకుంటుంది. పక్కల నుంచి వచ్చే దవడ మొగ్గలు నడుమనున్న ముక్కు మొగ్గలతో కలిసి 7వ వారానికి పై పెదవి ఏర్పడుతుంది. అంగిలి పలకలు మొదట నాలుకకు అటూ ఇటూ నిలువుగా వేలాడుతుంటాయి. 8వ వారం ప్రాంతంలో నాలుక కిందికి జారగానే పైకి లేచి, తలుపు రెక్కల్లా ఎదురెదురుగా వచ్చి 12వ వారానికి అతుక్కుంటాయి. ఎక్కడో ఒకచోట కలవకపోతే అదే చీలిక. చాలా ఇళ్లలో చెప్పే గ్రహణం మాత్రం ఆరో నెలదో ఏడో నెలదో. అప్పటికి పెదవి కలిసినా కలవకపోయినా అంతా ముగిసిపోయి ఉంటుంది. చంద్రుణ్ణి కొరికినట్టే బిడ్డ నోటినీ గ్రహణం కొరుకుతుందని మెక్సికోలోని అజ్టెక్కులు కూడా నమ్మారు. మన రాహువు పేరు వినని జనం కూడా అదే ఊహించారంటే, ఆకాశంలో ఆ కొరుకుడు మచ్చ ఇక్కడా అక్కడా ఒకేలా భయపెట్టిందన్నమాట.

చదువుకున్నవాళ్లు గ్రహణాన్ని తీసేసి ఆ చోట మేనరికాన్ని కూర్చోబెట్టారు. తమిళనాడులో ఇది గట్టి అనుమానమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ 28 శాతం మంది స్త్రీలు రక్తసంబంధంలో పెళ్లాడారు, దేశం మొత్తం మీద ఆ లెక్క 11 శాతమే. మేనమామనో మేనబావనో చేసుకోవడం మన హోసూరు వైపు ఇవాళ్టికీ మామూలు సంగతి. ఆంధ్రలో మేనరికాల మీద 1960లలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు పనిచేశారు. తరతరాలుగా మేనరికం చేసుకున్న దక్షిణాదిలో చెడ్డ జన్యువులు చాలావరకు ఏరివేతకు గురై ఉంటాయని 1966లో జన్యుశాస్త్రవేత్త సంఘ్వీ ఊహించారు. 1977లో రావు, ఇన్బరాజ్ ఉత్తర ఆర్కాటులో చూసినప్పుడు సంతానం సంఖ్యలోనూ గర్భస్రావాల్లోనూ పెద్ద తేడా కనబడలేదు.

మొర్రినే ఎంచుకుని లెక్క తీసినది 2001లో ఆంధ్రప్రదేశ్‌లోని కడప, మెదక్, కృష్ణా జిల్లాల్లో జరిగిన సర్వే. గోస్లా శ్రీనివాసరెడ్డి బృందం దాన్ని 2010లో ప్రచురించింది. వెయ్యి సజీవ జననాలకు 1.09 చీలికలు. అలా పుట్టిన బిడ్డల్లో 65 శాతం మగపిల్లలు. ఒకవైపు చీలిన పెదవుల్లో 64 శాతం ఎడమవైపువి. తల్లిదండ్రులు రక్తసంబంధీకులైన చోట చీలికతో పుట్టే అవకాశం 5 నుంచి 7 రెట్లు ఎక్కువని తేల్చారు. కాబట్టి మేనరికానికి ఇందులో పాలు లేదని నేననను. అయితే అదే సర్వేలో నిరక్షరాస్యత కూడా కారణాల్లో కలిసి వచ్చింది. చదువులేమి, పేదరికం, తిండి లేమి, మేనరికం మన పల్లెల్లో ఒకే గడపలో ఉంటాయి. వాటిలో ఒకదాన్ని విడదీసి చేయి చూపడం తేలిక కాదు.

నన్ను ఎక్కువగా ఆపింది ఇంకో అంకె. ఆ సర్వేలో అంగిలి మాత్రమే చీలిన బిడ్డలు 2 శాతం. ఇతర దేశాల లెక్కల్లో అది చీలికలన్నిటిలో నాలుగోవంతు, ఒక్కోచోట మూడోవంతు. మిగతావాళ్లు ఏమయ్యారు? పెదవి బాగున్న బిడ్డ నోరు తెరిచి ఎవరూ చూడలేదని, పాలు పట్టక కొందరు లెక్కకు ముందే పోయారని నాకనిపిస్తుంది. అంగిలి మాత్రమే చీలడం ఆడపిల్లల్లో ఎక్కువ. వద్దనుకున్న ఆడశిశువులను చంపకుండా ప్రభుత్వానికి అప్పగించేందుకు 1992లో సేలంలో ఊయల పథకం పెట్టవలసి వచ్చిన సీమ మనది, తర్వాత అది ధర్మపురికీ వచ్చింది. అటువంటి చోట కనబడని ఆడపిల్లల లెక్కను నేను మామూలుగా తీసుకోలేను. పైగా కాన్పు ఎక్కడైతే నమోదూ అక్కడే. హోసూరు తల్లి బెంగుళూరులో కంటే కర్ణాటక లెక్కలోకి, కుప్పంలో కంటే ఆంధ్ర లెక్కలోకి పోతుంది. 2011లో కృష్ణగిరి జిల్లా జనాభా 18,79,809. వెయ్యికి 16 జననాలు, ఆ 1.09 రేటు అనుకుంటే ఏడాదికి 33 మంది దాకా ఈ లోపంతో పుట్టాలి. నోరు తెరిచి చూస్తే ఇంకా పెరుగుతారు.

1942లో డెన్మార్క్‌లో ఫాగ్ అండర్సన్ పెదవి చీలిక వంశం వేరు, అంగిలి మాత్రమే చీలే వంశం వేరు అని చూపాడు. కొన్ని కుటుంబాల్లో కింది పెదవి మీద చిన్న గుంటలతో పాటు చీలిక ఒక తరం నుంచి ఇంకో తరానికి నేరుగా వస్తుంది, అక్కడ మేనరికం అవసరమే లేదు. మూర్ఛకు వాడే కొన్ని మందులు, పొగాకు కూడా కారణాల్లో ఉన్నాయి. ఒక బిడ్డ ఇలా పుట్టాక తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి నాలుగు చొప్పున ఉంటుంది. తొంభై ఆరుసార్లు రాదు. ఆ మాట ఎందరు తల్లులకు చెప్పారు?

వైద్యం సంగతి తొందరగా చెప్పుకోవచ్చు. పెదవి కుట్టడంలో సర్జన్ మిలర్డ్ పద్ధతి 1955 నుంచి ప్రపంచమంతా పాకింది. నాగపూర్‌లో ప్రొఫెసర్ బాలకృష్ణన్ చీలికలకు మన వర్గీకరణ ఇచ్చారు. త్రిశూర్‌లో డాక్టర్ అడెన్వాలా 1959 నుంచి దశాబ్దాల పాటు ఈ చీలికలు కుట్టారు. 2000 నుంచి స్మైల్ ట్రైన్ అనే స్వచ్ఛంద సంస్థ డబ్బు మన దేశానికి వచ్చింది, ఆపరేషన్ ఉచితమైంది. ఇది చిన్న మేలు కాదు.

కానీ ఎముక? శ్రీలంకలో మైకేల్ మార్స్ బృందం ఆపరేషన్ లేకుండా పెరిగిన పెద్దవాళ్లను చూసింది. చీలిక ఉన్నా వాళ్ల పై దవడ బాగానే ముందుకు పెరిగింది. కుట్టినవాళ్లలోనే మచ్చ లాగేసి అది వెనకబడింది. ఆపరేషన్ వద్దని దీనర్థం కాదు, ఆ తర్వాత ఇరవై ఏళ్లు వెంట ఉండాలని అర్థం. చిగురు చీలిన చోట తుంటి ఎముక గుజ్జు తెచ్చి నింపాలి. 1972లో బోయిన్, సాండ్స్ చూపినట్టు 8–11 ఏళ్ల మధ్య, కోరపన్ను దిగకముందే అది జరగాలి. మాట బాగుపడటానికి వేరే శిక్షణ కావాలి.

హోసూరు వైపు బేరికై దగ్గర ఒక ఇంట్లో అవ్వ ఉగ్గుగిన్నెతో అంగిలి చీలిన మనవరాలికి పాలు పోస్తుంటే చూశాను. బిడ్డను నిలువుగా ఎత్తిపట్టుకుని, ఒక్కొక్క గుక్కా మింగేదాకా ఆగుతోంది. అయినా ముక్కులోంచి పాలు వస్తున్నాయి. అంగిలి చీలిన పిల్లలు పలికే తీరు కూడా వినాలి. అప్ప అనబోతే గాలి ముక్కులోకి పోయి అమ్మ అవుతుంది. అమ్మ మాత్రం తేటగా వస్తుంది. అందుకే చాలా ఇళ్లలో బిడ్డకు మాటలొచ్చాయని ఊరుకుంటారు.

2013లో వచ్చిన జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం ఈ లోపాన్ని తన జాబితాలో పెట్టింది. 2022 జనవరిలో కృష్ణగిరికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. భవనాలు, పథకాలు ఉన్నాయి. కానీ మూడు నెలలకు పెదవి కుట్టించుకుని ఫోటో దిగిన బిడ్డను పదో ఏట మళ్లీ పిలిచే ఏర్పాటు కనబడదు. పెదవులు లెక్కపెట్టి విజయం అనుకుంటున్నాం. ఇది సరైన లెక్క కాదని నా తీర్పు.

కాన్పు గదిలో పనిచేసే నర్సమ్మలకు నా విన్నపం ఒక్కటే. పెదవి బాగున్నా సరే, టార్చిలైటు వేసి ప్రతి బిడ్డ అంగిలినీ కొండనాలుకదాకా చూడండి. కొండనాలుక రెండుగా చీలి ఉంటే, పైపొర కింద ఎముక కలవకుండా ఉండొచ్చు, పెద్ద డాక్టరుకు చూపించమనండి. పెదవి కుట్టించుకున్న బిడ్డ ఇంట్లో ఉన్నవాళ్లు ఎనిమిదో ఏడు రాగానే పళ్ల ఎక్స్‌రే తీయించండి. కోరపన్ను దిగాక ఎముక నింపినా అంత బాగా పట్టదు.