కోటిపల్లి రైలు: అడుగునకు మూడు మిల్లీమీటర్లు

కాకినాడ నుండి కోటిపల్లికి రైలుమార్గము రెండుసార్లు వేయబడినదని మన విద్యార్థులలో చాలమందికి తెలియదు. మొదటిది 1928లో తెరవబడినది. కరప, రామచంద్రపురము, ద్రాక్షారామము మీదుగా గౌతమీ తీరమున కోటిపల్లి రేవువరకు సుమారు 45 కిలోమీటర్లు అది సాగెను. అది పండ్రెండేండ్లు మాత్రమే నడచినది. 1940లో రెండవ ప్రపంచయుద్ధపు అవసరముల కొరకు ఆ పట్టాలను ఊడదీసి తరలించుకొని పోయిరి. తిరిగి ఆ దారిన రైలుకూత వినబడుటకు 2004వ సంవత్సరము రావలసి వచ్చినది. నడుమ అరువదినాలుగేండ్లు! మనుమలు పుట్టి పెద్దవారగునంత కాలము.

ఆ మరుసటి యేడు మా పాఠశాలలోని వైజ్ఞానిక ప్రదర్శనకు ఈ మొదటి రైలు నమూనాను విద్యార్థులచేత చేయించితిని. అట్టలు, వెదురుబద్దలు, పాత గడియారముల చక్రములు మా సామగ్రి. ఇంజను ముందుభాగము తుపాకిగుండువలె కోసుగా నుండి, నడుమ వెండి నక్షత్రము మెరయుచుండెను. చూచినవారందరు మెచ్చుకొనిరి. ఎనుబదేండ్ల వృద్ధుడొకరు మాత్రము చాలసేపు నిలబడి చూచి, మెల్లగా నన్ను పిలిచి, "ఆయ్, చాలా బాగుందండీ మాస్టారండీ. కానండీ, ఈ ముక్కు ఇంజను మా కోటిపల్లి బండికి ఎప్పుడు కట్టారండీ? నేను చిన్నప్పుడు ఎక్కిన బండికి ఇలాంటిది చూళ్ళేదండీ" అనిరి.

ఆయన చూడకపోవుటలో వింత లేదు. ఆ ఇంజను 'డబ్ల్యు.పి.' తరగతికి చెందినది. అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారమునుండి ఆ తరగతి ఇంజనులు మొదటిసారిగా మన దేశమునకు వచ్చినది 1947లో. అప్పటికి కోటిపల్లి పట్టాలు లేచిపోయి ఏడేండ్లు గడచినవి! మేము లేని ఇంజనును లేని పట్టాలపై నడిపించితిమి. ఒక క్యాలెండరు బొమ్మను చూచి చేసిన పని యిది.

వ్యాసము వ్రాయువాడు తనకు తెలియని సంగతిని విడిచిపెట్టి ముందునకు పోవచ్చును. నమూనా చేయువానికి ఆ వీలు లేదు. పెట్టెకు ఏదో ఒక రంగు పూయవలెను. కట్ట ఎంతో కొంత ఎత్తుండవలెను. స్టేషను పేరు ఏదో ఒక వర్ణక్రమమున వ్రాయవలెను. ప్రతి అంగుళమునకును ఒక ప్రశ్న, ప్రతి ప్రశ్నకును ఒక ఆధారము కావలెను. అందువలననే పాఠశాలలో చరిత్ర, గణితము, భూగోళము చెప్పు ముగ్గురు ఉపాధ్యాయులు కలిసి చేయించదగిన పని యిది.

మొదట గణితము చూతము. మన పెద్ద రైలుమార్గపు వెడల్పు, అనగా బ్రాడ్‌గేజి, 5 అడుగుల 6 అంగుళములు (1676 మిల్లీమీటర్లు). ఐరోపాలోను అమెరికాలోను ఎక్కువగా నున్నది 1435 మిల్లీమీటర్ల గేజి. ప్రపంచమంతట అంగళ్ళలో దొరకు బొమ్మ పట్టాలు ఆ గేజికే ఏర్పడినవి. 1435ను 87వ వంతునకు తగ్గించినచో 16.5 మిల్లీమీటర్లు వచ్చును. ఆ పట్టాలను కొని, వాటిపై 87వ వంతు కొలతతో మన రైలును నిలిపినచో ఏమగును? 1676ను 87చే భాగించినచో 19.3 మిల్లీమీటర్లు రావలెను. పట్టాల నడుమ దూరము దాదాపు మూడు మిల్లీమీటర్లు తక్కువ పడును. పెద్ద బండి సన్నని కాళ్ళపై నిలిచినట్లుండును. కారణము చెప్పలేకున్నను కన్ను ఈ తప్పును పట్టుకొనును.

దీనికొక చక్కని పరిష్కారము కలదు. పట్టాలను మార్చుటకు బదులు కొలతనే మార్చవచ్చును. ఒక అడుగునకు మూడు మిల్లీమీటర్లు చొప్పున తీసికొనుడు. ఐదున్నర అడుగులను మూడుచే గుణించినచో సరిగా 16.5 వచ్చును! అంగడిలోని పట్టాలు మన బ్రాడ్‌గేజికి వెంట్రుకవాసి తేడా లేకుండ సరిపోవును. ఇది 101.6వ వంతు కొలత. తొమ్మిదడుగుల కొయ్య స్లీపరు ఇందు 27 మిల్లీమీటర్లగును. దాని పదంగుళముల వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లగును. విద్యార్థి దీనిని ఎక్కముల పుస్తకముతోనే సాధింపగలడు. అయితే ఒక జాగ్రత్త. డెల్టాలో అన్ని మార్గములు మొదటినుండి బ్రాడ్‌గేజి కావు. బెజవాడ నుండి మచిలీపట్నమునకు మొదట వేసినది మీటరుగేజి. దానికి ఈ కొలతలో పట్టాల నడుమ పది మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ ఉండవలెను.

ఇక కాలము మాట. నమూనాను చేయబోవువాడు మొదట ఒక సంవత్సరమును ఎన్నుకొని, దానిని గోడపై పెద్ద అక్షరములతో వ్రాసికొనవలెను. ఏలనన, అదే పట్టాలపై యజమానులు మాటిమాటికి మారిరి. ఈ తీరమున 1890 ప్రాంతములలో మార్గము వేసినది ఈస్టుకోస్టు స్టేటు రైల్వే. వాల్తేరు నుండి బెజవాడవరకు గల భాగము 1901లో మద్రాసు రైల్వే చేతికి వచ్చినది. 1908లో అది మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే ఆయెను. 1951లో దక్షిణ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినవి. పెట్టెలపై వ్రాసిన అక్షరములు ఈ క్రమముననే మారినవి. స్టేషను పలకపై 'కాకినాడ' అని వ్రాయవలెనా, ఇంగ్లీషువారు పలికిన 'కొకనాడ' అని వ్రాయవలెనా అనునది కూడ ఆ గోడమీది సంవత్సరమే తేల్చును.

ఆధారములు ఎక్కడ దొరకును? భారత సర్వే శాఖవారి పటములు మొదటివి. మైలునకు ఒక అంగుళము చొప్పున గీసిన ఆ పటములలో కాకినాడ, రామచంద్రపురము, కోటిపల్లి మూడును '65 ఎల్' అను పెద్ద గడిలోనివి. నలుబదియైదు కిలోమీటర్ల మార్గము అందు 28 అంగుళముల గీతగా కనబడును. కాని పటము అంచున సర్వే చేసిన సంవత్సరము, ముద్రించిన సంవత్సరము వేర్వేరుగా ఉండును. రెండును చదువవలెను. 1928కి ముందు సర్వే చేసిన పటములో రైలు కనబడలేదని, రైలే లేదని వాదించువాడు నవ్వులపాలగును. ఇదే విధముగా 1907లో హెమింగ్‌వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరులో కోటిపల్లి రైలు ఉండదు. ఉండుటకు వీలులేదు. అయినను కాలువలు, రోడ్లు, సంతలు ఎట్లుండెనో తెలిసికొనుటకు అది గొప్ప గ్రంథము. 1878లో హెన్రీ మోరిస్ వ్రాసిన గోదావరి జిల్లా వర్ణనను దానిప్రక్కన పెట్టి చదివినచో, రైలు రాకముందు, వచ్చిన తరువాత జిల్లా ఎట్లు మారినదో బోధపడును.

ప్రయాణికులకు అమ్మిన టైంటేబిలు కంటె, రైల్వేవారు తమ సిబ్బందికి ఇచ్చిన 'వర్కింగ్ టైంటేబిలు' మనకు ఎక్కువ ఉపయోగపడును. ఏ స్టేషనులో ఎన్ని లైనులు, ఏ తరగతి ఇంజను ఎంత బరువు లాగవచ్చును, నీరెక్కడ పట్టవలెను అనునవి అందుండును. ఏ భాగము ఏ తేదీన తెరవబడినదో రైల్వేబోర్డువారు ప్రకటించిన భారత రైల్వేల చరిత్ర పట్టికలలో చూడవచ్చును.

వృద్ధుల జ్ఞాపకములను తృణీకరింపరాదు. అయితే అడుగుటలో ఒక పద్ధతి కావలెను. "ఏ ఇంజనండీ?" అని అడిగినచో, తరువాత యెన్నడో చూచిన ఇంజనును చెప్పుదురు. "తాతగారూ, బండి ఎక్కుటకు మెట్టు ఎంత ఎత్తుండేది? టిక్కెట్టు ఎక్కడ ఇచ్చేవారు? చెరువు ఏ ప్రక్కన కనబడేది?" అని అడుగవలెను. ఇద్దరిని వేర్వేరుగా అడిగి పోల్చవలెను. 1940 నాటి పదేండ్ల బాలుడు నేడు తొంబది దాటినవాడు. కాగితములు కొంతకాలము ఆగును గాని, ఈ సాక్షులు ఆగరు. వేసవి సెలవులకు ఈ పని వాయిదా వేయుట నాకు నచ్చదు.

గోదావరిపై గల పాత వంతెన విషయములో మనకింకను అదృష్టము కలదు. అది నేటికిని నిలిచియున్నది. 1897లో పని ప్రారంభమై 1900లో రైళ్ళు దాటినవి. అంతవరకు రైలు కొవ్వూరున ఒక ఒడ్డు, రాజమండ్రిన మరొక ఒడ్డు చూచి ఆగిపోవలసినదే. జనము నదిని పడవలపై దాటెడివారు. నిర్మించిన ఇంజనీరు ఎఫ్. టి. జి. వాల్టన్. అంతకుముందు కాశీలో గంగపై డఫరిన్ వంతెనను కట్టినవాడీయనయే. మద్రాసు గవర్నరు హేవలాకు పేరు దీనికి పెట్టిరి. ఇసుకలో బావులను దింపి, వాటిపై స్తంభములు లేపి, 150 అడుగుల ఉక్కు దూలములను 56 వరుసగా పరచిరి. 1997లో దీనిపై రైళ్ళు ఆగిపోయినవి.

మన కొలతలో ఒక దూలము 450 మిల్లీమీటర్లు. ఏబదియారును కలిపినచో 25 మీటర్ల 20 సెంటీమీటర్లు. ఏ పాఠశాల గదిలోను పట్టదు. మూడు దూలములు చాలును. తక్కినవి గోడపై చిత్రించిన నదిలోనికి సాగిపోవునట్లు చూపవచ్చును. పట్టాలు దూలము పైన ఉన్నవా, నడుమనున్నవా అని ఊహింపరాదు. పుష్కరఘట్టమునకు వెళ్ళి చూచి రావలెను. ఇక్కడనే మరొక పొరపాటు జరుగుచుండును. రాజమండ్రి అనగానే విల్లులవలె వంగిన ఆర్చీల వంతెన గుర్తునకు వచ్చును. దానిపై పొగబండిని నిలుపుట కూడదు. పాత వంతెన విశ్రమించిన పిదప ఆ పని చేపట్టినది ఆర్చి వంతెన. బ్రాడ్‌గేజిపై ఆవిరి ఇంజనుల నిత్యసేవ 1995 డిసెంబరులోనే ముగిసినది. పొగబండికి రెండంతస్తుల వంతెన కావలెనన్నచో 1974లో తెరచిన రోడ్డు-రైలు వంతెన కలదు.

పాత ఫొటోనుండి కొలత తీయు ఉపాయమును విద్యార్థులు నేర్వదగును. దూలమును సరిగా ప్రక్కనుండి తీసిన ఫొటో దొరికినదనుకొందము. అందు దాని పొడవు 90 మిల్లీమీటర్లు, ఎత్తు 12 మిల్లీమీటర్లు అనుకొందము. నిజమైన పొడవు 150 అడుగులని తెలియును గనుక, ఎత్తు 20 అడుగులని త్రైరాశికమువలన తేలును. రెండు కొలతలును కెమెరానుండి ఒకే దూరమునందుండవలెను. ముందున్న స్తంభముతో వెనుకనున్న మనిషిని కొలిచినచో మనిషి మరుగుజ్జు అగును.

మరల కోటిపల్లికి వత్తము. 45 కిలోమీటర్లు మన కొలతలో 443 మీటర్లు. కావున ఎంపిక తప్పదు. మేము రెండవసారి ద్రాక్షారామము స్టేషను, ఒక కాలువ వంతెన, కోటిపల్లి రేవు మాత్రమే తీసికొంటిమి. చివరి స్టేషనులో ఇంజను బండిని విడిచి, ప్రక్క లైనుమీదుగా వచ్చి, రెండవ కొనకు తగులుకొనవలెను. ఆ ప్రక్క లైను పొడవే బండికి ఎన్ని పెట్టెలుండవచ్చునో నిర్ణయించును. మేము మొదట ఆరు పెట్టెలు చేసి, లైనులో పట్టక రెండింటిని తీసివేసితిమి. డెల్టా నేల బల్లపరుపు. కొండలు, సొరంగములు పెట్టుటకు పిల్లలెంత ముచ్చటపడినను ఒప్పుకొనరాదు. తక్కువ ఎత్తు కట్ట, అడుగడుగున తూములు, వరిచేలు, తాళ్ళు, కొబ్బరితోటలు ఉన్నచో చాలును. రేవులో ముక్తేశ్వరమువైపు పోవు పంటు ఒకటి పెట్టితిమి.

డబ్ల్యు.పి. ఇంజనును తీసివేసితిమి. గోడపై '1935, మే నెల' అని వ్రాసికొంటిమి. ఆ వృద్ధుని వెదకి, ఇంటికి పోయి పిలుచుకొని వచ్చితిమి. ఆయన కళ్ళజోడు తుడుచుకొని, పట్టాలు, పలకలు, తూములు ఒక్కొక్కటే చూచి తల ఊపిరి. కాలువ వంతెన దగ్గర ఆగిరి.

"మే నెలంటున్నారు కదండీ?"

"అవునండీ."

"మరి కాలవలో నీళ్ళేంటండీ? వేసంకాలం కాలవలు కట్టేస్తారు కదండీ!"

ధవళేశ్వరము ఆనకట్టనుండి కాలువలకు నీరు వదలుట వేసవిలో మరమ్మతులకై ఆపుదురని, కాలువ ఒడ్డునే పుట్టి పెరిగిన మాకు ఒక్కరికిని తోచలేదు. మరునాడు నీలిరంగును గోకివేసి, బీటలు వారిన మట్టిని పూసి, ఒక నాటుపడవను ఒడ్డుకు లాగి పెట్టితిమి.