రూవారి కనక

సోమనాథపురం కేశవాలయం గోడల చుట్టూ తిరుగుతూ విగ్రహాల పీఠాల మీది కన్నడ అక్షరాలను కూడబలుక్కునే తెలుగువాళ్లకు ఒకచోట అడుగు ముందుకు పడదు. మల్లితమ్మ. నాలుగడుగులు వేస్తే మళ్లీ మల్లితమ్మ. మల్లమ్మలూ తిమ్మమ్మలూ ఉన్న ఊళ్లలో పెరిగిన చెవికి అది ఆడపేరే. 13వ శతాబ్దిలో ఒక అమ్మ ఉలి పట్టిందని నేనూ ఒక పూటంతా పొంగిపోయాను. కానీ కన్నడంలో తమ్మ అంటే తమ్ముడు. అమృతాపురం, నుగ్గేహళ్లి, సోమనాథపురాల్లో దశాబ్దాల పాటు బలపపు రాయిని వెన్నలా మలిచిన రూవారి మల్లితమ్మ మగవాడే. రూవారి అంటే ఆనాటి కన్నడంలో శిల్పి.

చేసిన పనికి పేరు చెక్కుకోవడం హొయ్సళ శిల్పుల గొప్ప అలవాటు. దాసోజ, అతని కొడుకు చావణ, బైచోజ అలాగే మనకు తెలిశారు. బేలూరులో అద్దం చూసుకునే మదనిక నుంచి హళేబీడు గోడల దాకా రాయి నిండా స్త్రీలే. సంతకాలు మాత్రం మగవాళ్లవి. మన వైపు స్త్రీల పేర్లు రాతికెక్కకపోలేదు. నాగార్జునకొండ మహాచైత్యాన్ని కట్టించిన చాంతిసిరి పేరు శాసనాల్లో ఉంది. అమరావతి స్తూపానికి ఫలకాలు సమర్పించిన గృహిణుల పేర్లు, భిక్షుణుల పేర్లు ఉన్నాయి. వాళ్లంతా దాతలు. విద్య తండ్రి నుంచి కొడుక్కి దిగేది కాబట్టి కథలూ అలాగే పుట్టాయి. జక్కన్న చెక్కిన విగ్రహంలో కప్ప ఉందని పట్టినవాడు అతని కొడుకు డంకన్న. 1964లో అక్కినేని జక్కన్నగా నటించిన సినిమా చూసినవాళ్లకు ఈ కథ కొత్త కాదు. ఆ తండ్రీకొడుకుల మధ్య కూతురికి చోటు లేదు.

ఆ సోమనాథపురం ఉన్నది తిరుమకూడలు నరసీపుర తాలూకాలో. కావేరీ కపిలా కలిసే ఆ నరసీపురలోనే 1942 డిసెంబరు 2న ఒక ఛాందస కుటుంబంలో కనక పుట్టారు. పెళ్లయ్యాక కనకా మూర్తి. బెంగళూరులో ఎ.ఎన్. సుబ్బారావు 1919లో పెట్టిన కళామందిరలో బొమ్మలు నేర్చుకుని, దేవలకుంద వాదిరాజ్ దగ్గర శిల్పానికి చేరారు. గురుకుల పద్ధతిలో సాగిన చదువు అది. తాళమానం కొలతలు, ధ్యానశ్లోకాలు, రాయి పొర ఎటు నడుస్తుందో చూసి ఉలి పెట్టడం, అన్నీ చేతి మీదుగా నేర్చుకోవాల్సినవే. ఈ పని ఆడవాళ్లది కాదన్న మాటను దాటుకునే ఆమె వాటిని నేర్చారు. 1960ల బెంగళూరులో ఇంటి ఆడపిల్ల రాతిపొడిలో కూర్చుని సుత్తి ఎత్తడం ఎంత పెద్ద సంగతో ఈనాటి వాళ్లకు చెప్పడం కష్టం.

ఆమె రెండు చూపులకూ ఆనలేదని నాకు అనిపిస్తుంది. శిల్పి కులాల చూపులో ఆమె బయటి మనిషి, పైగా స్త్రీ. ఆధునిక కళావిమర్శకు ఆమె పని పాతబాణీ. బస్తరు లోహపు పోతవిద్యను తనదిగా చేసుకున్న మీరా ముఖర్జీనీ, ముంబయి పిలూ పోచ్‌ఖానావాలానూ తలుచుకునే కళాచరిత్రలు దేవతామూర్తులు చెక్కే స్త్రీ దగ్గర ఆగవు. దేశాలు వేరైనా ఈ మరుపు ఒకటే. ఆఫ్రికన్ అమెరికన్ శిల్పి ఎడ్మోనియా లూయిస్ 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో పెట్టిన పాలరాతి క్లియోపాత్రా, తర్వాత షికాగో దగ్గర ఒక పందెపు గుర్రం సమాధి మీద గుర్తురాయిగా ఎండకూ వానకూ పడి ఉంది. వెతికేవాళ్లు వెతికాకే అది మ్యూజియం చేరింది.

కనకా మూర్తి చెక్కినవి 200కు పైనే. దేవతలతో ఆగిపోకుండా మనుషుల ముఖాల్లోకి వచ్చారామె. గంగూబాయి హానగల్, భీమసేన్ జోషి ఆమె ఉలికి దొరికారు. విశ్వేశ్వరయ్య మ్యూజియంలో రైట్ సోదరులున్నారు. కోటు తొడుక్కున్న మనిషికి ఏ శిల్పశాస్త్రమూ ధ్యానశ్లోకం ఇవ్వదు. తాళమానంలో పండిన చెయ్యి ఆ పనికి పూనుకోవడమే నాకు అపురూపంగా తోస్తుంది. రాజ్యోత్సవ ప్రశస్తి వచ్చింది. జక్కన్న పేరు మీది జకణాచారి పురస్కారం కూడా వచ్చింది. ఆ తండ్రీకొడుకుల కథలోకి ఒక స్త్రీ అలా అడుగుపెట్టింది.

2021 మే 13న కొవిడ్ ఆమెను తీసుకుపోయింది. ఆ జులైలోనే రామప్ప గుడి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. శిల్పి పేరే గుడి పేరయిందని మనం చెప్పుకునే గుడి అది. 2023లో బేలూరు, హళేబీడులతో పాటు సోమనాథపురమూ ఎక్కింది. మల్లితమ్మ సంతకాన్ని ఇప్పుడు లోకమంతా వచ్చి చదువుతుంది. కబ్బన్ పార్కులో 1906 నాటి విక్టోరియా రాణిని చెక్కింది థామస్ బ్రాక్ అని బెంగళూరు పుస్తకాలు తప్పకుండా రాస్తాయి. లాల్‌బాగ్ మెట్రో స్టేషన్‌లో దిగితే తోట పడమటి ద్వారం దగ్గర విగ్రహంగా కువెంపు కనిపిస్తారు. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లు ఆ ముఖాన్ని చూడగానే కవిని గుర్తుపడతారు. అది కనకా మూర్తి చేతి పని.