వాడపల్లి రథం – ‘ఆత్మరక్షణ’ అనే మాట



మన సంఘం ప్రత్యేక సంచికకు ఈ ప్రాంతపు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరారు. ఏం రాయాలా అని ఆలోచిస్తూ ఉండగా, పోయిన శనివారం మా మనవడు వాడపల్లి వెళ్ళి వచ్చి ప్రసాదం, దాంతోపాటు ఆత్రేయపురం పూతరేకులు చేతిలో పెట్టాడు. “తాతయ్యా, గుడిలో జనం ఇసక వేస్తే రాలనంత ఉన్నారు” అన్నాడు. “ఆ వీధుల్లోనే ఒకప్పుడు తుపాకులు పేలాయిరా” అన్నాను. వాడు నమ్మలేదు. అందుచేత ఆ సంగతే రాస్తున్నాను.

గౌతమీ గోదావరి ఒడ్డున రక్తచందనపు మూర్తిగా వెలసిన వాడపల్లి వేంకటేశ్వరస్వామిని కోనసీమ తిరుపతి వెంకన్న అంటారు. ఏడు శనివారాలు, ఏడేసి ప్రదక్షిణలు చేస్తే కోరిక తీరుతుందని భక్తుల నమ్మకం. 2022 నుంచి ఆ ఊరు కోనసీమ జిల్లాలో ఉంది. మనం చెప్పుకొనే నాటికి తూర్పు గోదావరి జిల్లాలోది. స్వామివారి రథోత్సవం చైత్ర శుద్ధ ఏకాదశినాడు. 1931 మార్చి 30న జరిగిన ఆ ఉత్సవమే మన కథ.

అంతకు ముందు సంవత్సరం సంగతి కొంచెం గుర్తుచేసుకోవాలి. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. కాకినాడ దగ్గర చొల్లంగిలో బులుసు సాంబమూర్తిగారి నాయకత్వాన ఉప్పు చేశారు. డాక్టర్ బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యంగారు 1924లో సీతానగరంలో స్థాపించిన గౌతమీ సత్యాగ్రహాశ్రమం ఈ జిల్లా ఉద్యమానికి ఆయువుపట్టు. లాఠీ దెబ్బలు, జైళ్ళు, జుల్మానాలు మన డెల్టా గ్రామాలకు కొత్త కాకుండా పోయిన కాలమది.

1931 మార్చి 5న గాంధీ–ఇర్విన్ ఒప్పందం కుదిరింది. శాసనోల్లంఘన ఆగింది, ఖైదీలు విడుదలయ్యారు. అయితే ఆ ఒప్పందంలో ఒక అంశం మన కథకు ముఖ్యం. పోలీసులు చేసిన అత్యాచారాలపై విచారణ జరపాలని గాంధీజీ అడిగారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. చివరకు ఆయన ఆ కోరికను పట్టుబట్టకుండా వదిలారు. అంటే సంధి జరిగింది గాని, తుపాకీ పట్టినవాడి నడవడి మీద విచారణ తలుపు మాత్రం మూసుకుపోయింది. ఆ తలుపు మూసిన ఇరవై అయిదో రోజున వాడపల్లి జరిగింది.

మధ్యలో మార్చి 23న లాహోరులో భగత్‌సింగ్, రాజగురు, సుఖదేవ్‌లను ఉరితీశారు. దేశమంతా ఉడికిపోతోంది. ఆ నెలాఖరున కరాచీలో వల్లభభాయ్ పటేల్ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ కూర్చుని ఒప్పందాన్ని ఆమోదిస్తోంది. అక్కడ సంధికి చేతులెత్తుతున్న రోజుల్లోనే ఇక్కడ మన గోదావరి ఒడ్డున రథం కదిలింది.

రథం మీద స్వామివారితోపాటు గాంధీగారి పటం, మరికొందరు దేశనాయకుల పటాలు పెట్టారు. పోలీసులు అభ్యంతరం చెప్పారు. జనం వినలేదు. మాటా మాటా పెరిగింది. చివరకు తుపాకులు పేలాయి. నలుగురు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. ఈ కాల్పులతో పోలీసు అధికారి ముస్తఫా ఆలీఖాన్ పేరు మన జిల్లా చరిత్రలో ముడిపడిపోయింది.

ఇక్కడినుంచి రెండు కథలు నడిచాయి. పోలీసుల కథలో ముందు రాళ్ళు, తర్వాత తుపాకులు. గుంపు పెద్దది, పోలీసులు కొద్దిమంది, ప్రాణాపాయం వచ్చింది గనుక కాల్చక తప్పలేదన్నది దాని సారాంశం. జనం కథలో ముందు పటాల మీద చెయ్యి పడింది, దేవుడి ఉత్సవానికి అడ్డం వచ్చారు, ఆ తర్వాతే మిగిలినదంతా. ఒక కథ రాయితో మొదలవుతుంది. రెండోది పటంతో మొదలవుతుంది. చదువరులు గమనించాలి: ఈ రెండు కథల్లో తేడా జరిగిన సంఘటనల్లో కొంతే. ఎక్కడ మొదలుపెట్టాలి అన్న దగ్గరే అసలు పేచీ.

మనలో రెవెన్యూలో, పోలీసులో, కోర్టులో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. వారికి తెలిసిన చట్టమే అయినా కుటుంబ సభ్యుల కోసం రెండు మాటలు. ఆత్మరక్షణ హక్కు భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు సెక్షన్లలో ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో అది 34 నుంచి 44 వరకు ఉంది. ఆ హక్కు అందరిదీ. కానిస్టేబుల్‌కీ ఉంది, కల్లుగీత కార్మికుడికీ ఉంది. అయితే దానికి హద్దులున్నాయి. నిజమైన ప్రాణభయం కలిగినప్పుడే అది మొదలవుతుంది, ఆ భయం పోగానే ముగుస్తుంది. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదు. కోర్టులో ఆత్మరక్షణ అని చెప్పుకునేవాడే దాన్ని చూపించుకోవాలి.

గుంపును చెదరగొట్టడం వేరే అధికారం. అది అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోది. ముందు అది చట్టవిరుద్ధమైన గుమికూడిక అయి ఉండాలి. చెదిరిపొమ్మని ఆజ్ఞ ఇవ్వాలి. వినకపోతేనే బలప్రయోగం. ఏటేటా జరిగే స్వామివారి రథోత్సవం చట్టవిరుద్ధమైన గుమికూడిక ఎలా అయింది? ఒక పటం పెట్టినంత మాత్రాన అయిందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ప్రాణభయంతో కాల్చాం అంటే ఈ ప్రశ్నే పక్కకు పోతుంది. ఒక మాట రెండు పనులు చేస్తుందన్నమాట. కాల్పులకు కారణం చెబుతుంది, అంతకు ముందు జరిగినదాన్ని కప్పేస్తుంది.

పైగా 1898 నాటి కోడ్‌లో 132వ సెక్షన్ ప్రకారం, గుంపును చెదరగొట్టే పేరుతో చేసిన పనికి ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు నడపరాదు. అనుమతి ఇవ్వవలసింది ఎవరు? ఎవరి పోలీసులో ఆ ప్రభుత్వమే. అప్పటి ద్వంద్వ ప్రభుత్వంలో శాంతిభద్రతలు ‘రిజర్వుడు’ శాఖ, మంత్రుల చేతిలో ఉండేది కాదు, గవర్నరు కార్యాంగం చేతిలో ఉండేది. మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఉన్నా పోలీసులు దానికి జవాబుదారీ కారు. కాంగ్రెసువారేమో 1930 ఎన్నికలను బహిష్కరించారు గనుక శాసనమండలిలో లేరు. అడిగేవాడు సభలో లేడు, జవాబు చెప్పవలసినవాడికి సభ భయం లేదు.

ఆ వేసవిలో ఒప్పందానికి ఉల్లంఘనలంటూ కాంగ్రెసు పక్షాన గాంధీజీ ప్రభుత్వం ముందుంచిన ఆరోపణల్లో వాడపల్లి కాల్పులు ఉన్నాయి. ప్రభుత్వం తనవారిని సమర్థించుకుంది. విచారణతో తేలని లెక్కను కొందరు యువకులు వేరే దారిలో తేల్చాలనుకున్నారు. ప్రతివాది భయంకరాచారిగారి బృందం ముస్తఫా ఆలీఖాన్‌ను చంపడానికి బాంబు సిద్ధం చేసింది. 1933 ఏప్రిల్‌లో కాకినాడ రేవు దగ్గర అది పేలి గాయపడినవారు ఆ అధికారి కాదు, అక్కడి కూలీలు. భయంకరాచారిగారు అండమాన్ జైలుకు వెళ్ళారు. వారి త్యాగాన్ని తక్కువ చేయడం లేదు. కాని, న్యాయం దొరికే దారి మూసేస్తే దెబ్బ ఎప్పుడూ సంబంధం లేనివాడికే తగులుతుందని ఆ కూలీలను తలచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

ఇది తెల్లదొరల పాలన వల్లే అనుకుంటే పొరపాటు. వాడపల్లి కాల్పులను ఖండించిన కాంగ్రెసే ఇరవై ఒక్క సంవత్సరాల తర్వాత మద్రాసులో ప్రభుత్వం. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారి మరణం తర్వాత ఆంధ్ర ప్రాంతంలో జరిగిన కాల్పులకు రాజాజీ ప్రభుత్వమే సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

ఇక నా స్వానుభవం. 1972 డిసెంబరులో మొదలై మూడు నెలలకు పైగా సాగిన ఎన్జీవోల సమ్మె మనలో చాలామందికి గుర్తుంది. అప్పుడు నేను డెల్టాలోనే ఒక తాలూకా ఆఫీసులో ఎల్డీసీని. మా నాన్నగారు ప్రత్యేకాంధ్ర వాది. మా మేనమామ పోలీసు హెడ్ కానిస్టేబుల్. ఒకనాడు అరుగు మీద ఇద్దరికీ మాట పడింది.

“బావగారూ, మీరు ఇక్కడ కూర్చుని పేపరు చదువుతారు. అక్కడ మేం ఇరవైమందిమి, ఎదురుగా వేలమంది. రాయి ఎటునుంచి వస్తుందో తెలీదండి. భయం వేస్తుంది” అన్నాడు మామయ్య.

“భయం వేస్తే కాల్చేస్తావా?” అన్నారు నాన్నగారు.

“నేను కాల్చలేదండి. కాల్చమంటే ఏం చేసేవాణ్ణో మాత్రం చెప్పలేను” అని, మజ్జిగ గ్లాసు అలాగే పెట్టేసి లేచిపోయాడు. మా చెల్లెలి పెళ్ళి దాకా, అంటే రెండేళ్ళు, వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. మధ్యలో మా అమ్మ నలిగిపోయింది.

సమ్మె ముగిసి ఆఫీసుకు వెళ్ళాక, ఒక కాల్పుల విచారణ తాలూకు వాంగ్మూలాలు శుభ్రప్రతి టైపు చేసే పని నాకు పడింది. పోలీసు పక్షపు సాక్షులందరి వాంగ్మూలాల్లోనూ ‘విధిలేని పరిస్థితులలో ఆత్మరక్షణార్థము’ అన్న వాక్యం అక్షరం మారకుండా ఉంది. రెండో పక్షం కాగితాలు చూస్తే వాటిలోనూ అందరిదీ ఒకటే వాక్యం, ‘ఎవ్వరునూ ఒక్క రాయియైనను వేయలేదు’ అని. మామయ్య చెప్పిన భయం ఒక్క కాగితంలోనూ లేదు. రాయి వేసిన కుర్రవాడి కోపమూ లేదు. కార్బన్ పేపరు పెట్టి మూడు ప్రతులు కొట్టి హెడ్ క్లర్కుగారి బల్లమీద పెట్టాను. ఇదేమిటండీ అని అడగలేదు. కొత్త ఉద్యోగం, ఇంట్లో పెళ్ళికెదిగిన చెల్లెలు. నేను చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తర్వాత చూసినవీ అంతే. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో విద్యుత్ చార్జీల పెంపుపై నిరసన జరిగినప్పుడు కాల్పులు. అప్పుడు తెలుగుదేశం అధికారంలో, కాంగ్రెసు ప్రతిపక్షంలో. 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో భూపోరాటం సందర్భంగా కాల్పులు. అప్పుడు కాంగ్రెసు అధికారంలో, తెలుగుదేశం ప్రతిపక్షంలో. ఏడేళ్ళలో కుర్చీలు మారాయి, కుర్చీలతోపాటు మాటలూ చేతులు మారాయి. వీథిలో పడిపోయినవాడి ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు.

ప్రపంచంలోనూ ఇదే తంతు. 1919 జలియన్‌వాలాబాగ్ మీద హంటర్ కమిటీలో భారతీయ సభ్యులు విడిగా నివేదిక ఇవ్వవలసి వచ్చింది. బ్రిటిషు పార్లమెంటులో దిగువ సభ డయ్యరును తప్పుపడితే, ప్రభువుల సభ అతని పక్షాన ఓటు వేసింది. ఒక పత్రిక అతని కోసం 26,000 పౌండ్లకు పైగా చందా పోగుచేసింది. మనిషి ఏ పక్షమో తెలిస్తే చాలు, కాల్పుల మీద అతని అభిప్రాయం వినకుండానే చెప్పవచ్చునన్నమాట!

కొంత మార్పు రాకపోలేదు. పోలీసు ఎదురుకాల్పుల్లో మనిషి చనిపోతే కేసు నమోదు కావాలని, స్వతంత్రంగా దర్యాప్తు జరగాలని, మెజిస్టీరియల్ విచారణ తప్పదని 2014లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. ఆత్మరక్షణ అనేది నివేదికలో చివరి వాక్యం కాదు, దర్యాప్తులో మొదటి ప్రశ్న అని దాని అర్థంగా నేను తీసుకున్నాను. వాడపల్లి నలుగురికీ ఆపాటి అవకాశం దొరకలేదు.

మా మామయ్య పోయి చాలాకాలమైంది. ఆఖరి రోజుల్లో నాన్నగారే ఆయన మంచం పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేవారు. ఆ రోజు సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. ఒకరి కోపం, ఒకరి భయం రెండూ ఒకే కాగితం మీద పడి ఉండేవి.

కనుక మిత్రులకు నా మనవి. 1952లోనో, 1972లోనో మీరు కళ్ళారా చూసినదేమైనా ఉంటే, ఏ పక్షానికి పనికొస్తుందని చూడకుండా, ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. ఎవరు ముందు, ఎవరు తర్వాత, మీరెక్కడ నిలబడ్డారు, ఏం కనబడింది, ఏం కనబడలేదు, అంతే. ఈసారి వాడపల్లి వెళ్ళినప్పుడు ఏడు ప్రదక్షిణలూ అయ్యాక, రథం నడిచిన వీధిలో ఒక్క నిమిషం ఆగి ఆ నలుగురినీ తలచుకోండి. పక్కనున్న మనవడికి ఎందుకో చెప్పండి.

సెలవు.