బర్మానుండి ఆంధ్రుల పునరాగమనము : కారణవిచారము

పరదేశమున బహుకాలము వసించినవారు స్వదేశమునకు మఱలుటకు జన్మభూమిపై మమకారమే కారణమని సామాన్యముగా చెప్పబడుచున్నది. ఇది సత్యమే యైనను చరిత్రకు చాలదు. మమకారము ఎల్లప్పుడు నుండునది; మఱలుట యొకానొక కాలమున జరుగునది. ఆ కాలమే యేల తటస్థించెను, దానిని ఎన్నుకొను స్వాతంత్ర్యము వారికుండెనా యనునదే విచార్యాంశము. బర్మాకు పోయిన ఆంధ్రుల చరిత్ర యిందుకు తగిన యుదాహరణము.

గౌతమీ సాగరసంగమమునకు సమీపముననున్న కోరంగి పూర్వము నౌకానిర్మాణమునకు, ఓడవర్తకమునకు ప్రసిద్ధి కెక్కినది. ఆ రేవు పేరునుబట్టియే బర్మీయులు ఆంధ్రులను కోరంగీలని పిలిచిరి. 1839 నాటి తుఫానుచే కోరంగి దెబ్బతిన్నను పేరు మాత్రము నిలిచినది. ఉత్తరాంధ్రమున రంగూనునకు రంగమని వ్యవహారము. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమయ్యెను; 1869లో సూయజు కాలువ తెఱవబడెను; ఐరావతీ ముఖభూములయందు వరిసాగు విస్తరిల్లెను. కోతలకు, బియ్యపుమిల్లులకు, రేవుపనులకు గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి కూలీలు తరలిరి. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పదిలక్షలకు పైబడిరి. రంగూను పురవాసులలో సగమునకు మించి భారతీయులే.

ఈ వలసయందు మొదటినుండియు పోకలోనే రాక యిమిడియుండెను. పోయినవారిలో పురుషులే యధికులు. ఆలుబిడ్డలు స్వగ్రామముననే యుండిరి. కొన్నియేండ్లు పనిచేసి, ఇంటి యప్పు తీర్చి మఱలుటయే వారి సంకల్పము. కాని మేస్త్రీ ముందుగా సొమ్మిచ్చి, ఓడకేవు చెల్లించి, ఆ మొత్తమును కూలిలో మినహాయించుకొనుచుండెను. బాకీ తీఱువఱకు కూలీ స్వతంత్రుడు కాడు. కావున మఱలు దినమును నిర్ణయించినది తఱుచుగా మేస్త్రీ పద్దుపుస్తకమే గాని కూలీ మనస్సు గాదు.

1930 మే నెలలో రెండవ విధమైన పునరాగమనము కానవచ్చును. రంగూను రేవున ఆంధ్రకూలీలు సమ్మెకట్టగా యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె పరిష్కారము కాగానే వారిని తొలగించి ఆంధ్రులను మఱల పిలిచిరి. ఇరుపక్షముల పేదల నడుమ రక్తపాతము జరిగెను. ఆంధ్రులు పలువురు హతులైరి. ఎందఱో ప్రాణభీతిచే ఓడలకై నిరీక్షించిరి. దీనిని కేవలము జాతిద్వేషమనుట సరికాదు. ధాన్యపుధర పడిపోయి, బర్మా రైతుల భూములు వడ్డీవ్యాపారుల వశమగుచున్న కాలమది. అలజడి యణగిన పిదప కూలీల వలస మఱల సాగెను. భయము మనుష్యుని ఇంటికి చేర్పగలదు గాని, ఇంటియొద్ద జీవనోపాధి లేనిచో అచట నిలుపజాలదు.

1937 ఏప్రిలు 1న బర్మా భారతదేశమునుండి వేఱుపడెను. 1938లో మఱల అల్లరులు చెలరేగెను. 1941లో వలసను నియంత్రించు నొడంబడిక కుదిరెను. అంతవఱకు స్వేచ్ఛగా సాగిన రాకపోకలు అనుమతిపత్రములకు లోబడుస్థితి యేర్పడెను. ఆ యేడు డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడెను. రేవుపని స్తంభించునని ప్రభుత్వము పాఱిపోవు కూలీలను వెనుకకు మరలింప యత్నించెను. 1942 మార్చిలో రంగూను శత్రువశమైన పిదప కాలినడకయే గతియయ్యెను. టౌంగుప్ కనుమ మీదుగా అరకానునకు, తమ్ము మార్గమున మణిపురమునకు, హుకాంగు లోయగుండ అస్సామునకు లక్షలాది జనులు నడచిరి. కలరా, మలేరియా, ఆకలి త్రోవపొడవునను వేలమందిని పొట్టనబెట్టుకొనెను. ఆ యేడు ఏప్రిలు 6న విశాఖపట్టణము, కాకినాడ రేవులమీదను బాంబులు పడుటచే, ఆశ్రయముగా నెంచిన తీరము సైతము నిరపాయము కాకపోయెను.

చివరి ఘట్టము 1962లో నెవిన్ సేనాని అధికారమును గైకొన్న పిదప సంభవించెను. 1964లో దుకాణములు జాతీయము చేయబడెను. ఆ మే నెలలో ఏబది, నూఱు చాట్ల నోట్లు రద్దయ్యెను. జీవనాధారము కోల్పోయిన భారతీయులు లక్షకు మించి ఓడలెక్కిరి. వారిలో కొందఱు విశాఖపట్టణమున దిగిరి. ఆ నగరమందలి బర్మాక్యాంపు నేటికిని ఆ పేరుతోనే పిలువబడుచున్నది. వీరిలో అక్కడనే పుట్టిపెరిగినవారనేకులు. తలిదండ్రుల మాటలలో తప్ప ఆంధ్రదేశము నెఱుగనివారికి ఈ రాక పునరాగమన మెట్లగును? వారి విషయమున ఇదియే ప్రవాసము.

వీరికి వ్యవహారమున కాందిశీకులని పేరు వచ్చెను. ఏ దిక్కునకు పోదునను నర్థముగల పదములనుండి పుట్టిన యీ శబ్దమునకు భయముచే పరుగెత్తినవాడని అమరమునందు అర్థము. 1942లో అడవులగుండ వచ్చినవారికి ఈ శబ్దము అక్షరాల చెల్లును. అప్పు తీర్చుకొని ఓడ దిగిన కూలీకి చెల్లదు. 1964లో వచ్చినవానికి సగమే చెల్లును. వానిని తఱిమినది ఖడ్గము గాదు, శాసనము. ఋణము, భయము, శాసనము అను నీ మూడును మఱలు కాలమును నిర్ణయించినవి. మమకారము మఱలు దిక్కును మాత్రమే చూపినది. ఈ భేదమును గుర్తింపక అందఱను ఒక్క పేరుతో పిలిచినచో, మఱలివచ్చినవారిని లెక్కింపవచ్చును గాని వారి చరిత్రను వ్రాయజాలము.