దొరకని పురుగు

చరిత్ర అంటే రాజులు, కోటలు, యుద్ధాలు అని మనం పరీక్షల్లో రాస్తుంటాం. ఒంటి మీద దురదకి కూడా ఒక చరిత్ర ఉంటుందని నాకు ఈ ఏడాదే తెలిసింది. దానికి కారణం మా అక్క.

అక్క హోసూరులో ఒక ఆఫీసులో బిల్లుల పని చేస్తుంది. ఏసీ గది, నేలంతా కార్పెట్టు, గోడ పొడుగునా కాగితాల కట్టలు. శివరాత్రికి ముందు, గాలి బాగా ఎండిపోయిన రోజుల్లో, ఆ గదిలో కూర్చునే ఆరుగురికీ చేతులు, మెడ దురద మొదలైంది. ఏదో పాకినట్టు, చురుక్కుమని కుట్టినట్టు ఉండేదట. తమిళం వాళ్లు మూట్టపూచ్చి అన్నారు, కన్నడం వాళ్లు తిగణె అన్నారు, మనవాళ్లు నల్లులు అన్నారు. మూడు భాషల్లో పేరు దొరికింది గానీ పురుగు మాత్రం దొరకలేదు. రెండుసార్లు మందు కొట్టారు. మందు వాసనకి తలనొప్పి కూడా వచ్చింది, దురద పోలేదు. అప్పుడు పైఅధికారి "ఇదంతా మీ భ్రమ, పని ఎగ్గొట్టడానికి సాకు" అన్నాడు. అక్క పక్కన కూర్చునే అమ్మాయి ఆ మాటకి బాధపడి పని మానేసింది.

ఈ సంగతి మా సైన్సు సార్‌కి చెప్పాను. ఆయన ఏమీ చెప్పకుండా దువ్వెన తీసి తలకి నాలుగుసార్లు రుద్ది, కాగితం ముక్కల మీద పెట్టారు. ముక్కలు ఎగిరి అంటుకున్నాయి. "చేతి మీద వెంట్రుకల దగ్గర పెట్టి చూడు" అన్నారు. పెట్టాను. వెంట్రుకలు లేచాయి. సరిగ్గా చీమ పాకినట్టే ఉంది!

ఇది స్థిర విద్యుత్తు. దీని కథ చాలా పాతది. గ్రీకులు అంబర్ అనే గట్టిపడిన చెట్టుబంకను రుద్దితే పొట్టు, ఈకలు అంటుకోవడం చూశారు. అంబర్‌కి వాళ్ల భాషలో పేరు ఎలక్ట్రాన్. 1600లో ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్ట్ అయస్కాంతాల మీద రాసిన పుస్తకంలో ఆ పేరు నుంచే కొత్త మాట పుట్టించాడు. మనం రోజూ అనే ఎలక్ట్రిసిటీ అందులోంచి వచ్చిందే.

గాలిలో తేమ ఉంటే ఈ విద్యుత్తు నిలవదు, జారిపోతుంది. గాలి ఎండితే ఒంటి మీదే పోగవుతుంది. తేమ 20 శాతం కంటే తక్కువ ఉన్నప్పుడు కార్పెట్టు మీద నడిచిన మనిషి ఒంట్లో 35,000 వోల్టుల దాకా చేరవచ్చు. అదే తేమ 65 శాతం దాటితే 1,500 వోల్టుల దగ్గరే ఉంటుంది. పోగయ్యే విద్యుదావేశం అతి తక్కువ కాబట్టి ప్రాణానికి ప్రమాదం లేదు. కానీ కాగితం నూగు, కార్పెట్టు పీచు, దుమ్ము అన్నీ వచ్చి చర్మానికి అంటుకుంటాయి. ఎండిన చర్మం మీద ఆ పీచు గుచ్చుకుంటే పురుగు కుట్టినట్టే ఉంటుంది. అమెరికాలో ఇలాంటి కనబడని పురుగులకి ఆఫీసు జనం "కాగితం పురుగు", "కేబుల్ పురుగు" అని పేర్లు కూడా పెట్టుకున్నారు. నిజంగా అలాంటి పురుగులు లేనే లేవు.

1980 ప్రాంతంలో నార్వే దేశంలో కూడా ఇలాంటిదే జరిగింది. కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్లకి ముఖం మీద దద్దుర్లు, మంట వచ్చేవి. అప్పటి కంప్యూటర్ తెరలు పాత టీవీల్లాంటివి. పరిశోధకులు ఎండిన గాలిని, తెరకీ మనిషికీ మధ్య పుట్టే స్థిర విద్యుత్తును అనుమానించారు. అది గాలిలో దుమ్మును ముఖం మీదికి తోస్తుంది కదా. అక్కడ ఎవరూ పురుగు అనలేదు, కొత్తగా వచ్చిన యంత్రాన్ని చూసి భయపడ్డారు. అంటే కారణం తెలియనప్పుడు మనిషి తనకి తెలిసిన భయాన్నే ముందు పట్టుకుంటాడు.

అయితే ప్రతి దురదకీ స్థిర విద్యుత్తే కారణం అనుకోకూడదు. 1962 జూన్‌లో అమెరికాలో ఒక బట్టల మిల్లులో 62 మందికి ఒళ్లు తిమ్మిరి, వాంతులు, కళ్లు తిరగడం వచ్చాయి. ఇంగ్లండు నుంచి వచ్చిన బట్టలో పురుగు ఉందని, అది కుట్టిందని పుకారు లేచింది. ప్రభుత్వ నిపుణులు వచ్చి గాలించారు. అంతమందిని పడేసే పురుగు ఏదీ దొరకలేదు. తర్వాత కెర్కాఫ్, బ్యాక్ అనే ఇద్దరు పరిశోధకులు కార్మికులతో మాట్లాడి 1968లో "ది జూన్ బగ్" అనే పుస్తకం తెచ్చారు. జబ్బుపడినవాళ్లలో దాదాపు అందరూ ఆడవాళ్లు. ఎక్కువగా ఓవర్‌టైము చేసినవాళ్లు, ఇంటి బరువు మోసేవాళ్లు. పని బరువు, ఆందోళనే ఒళ్లు మీదికి వచ్చాయని వాళ్లు తేల్చారు.

ఇక్కడే నాకు ఒక విషయం అర్థమైంది. పురుగు అబద్ధం కావచ్చు, కానీ దురద అబద్ధం కాదు. వాంతి చేసుకున్న మనిషి నటించలేదు. పురుగు దొరకలేదు అన్నంత మాత్రాన వెతకడం ఆపేస్తే అసలు కారణం అక్కడే ఉండిపోతుంది. అది ఎండిన గాలి కావచ్చు, దుమ్ము కావచ్చు, పని బరువు కావచ్చు.

ఇంకో సంగతి. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల యజమానులకి గాలిలో తేమ విలువ ఎప్పుడో తెలుసు. ఎండిన గాలిలో నూలు పోగు తెగుతుందని నేతగదుల్లోకి ఆవిరి వదిలేవారు. ఆ ఉక్కలో కార్మికులు అల్లాడిపోతే 1889లో చట్టం చేసి ఆవిరికి హద్దు పెట్టాల్సి వచ్చింది. పోగు తెగితే వెంటనే కనిపెట్టారు, మనిషి అల్లాడితే చట్టం దాకా పోవాల్సి వచ్చింది.

సార్ చెప్పిన మాటలు అక్కకి చెప్పాను. అక్కావాళ్లు ఐదుగురూ కలిసి వెళ్లి మందు కొట్టడం ఆపమని అడిగారు. కాగితాల కట్టలు వేరే గదిలోకి మార్చారు. పొద్దున ఒక గంట కిటికీలు తెరిచి, బల్లలు తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టారు. అక్క చేతులకి కొబ్బరినూనె రాసుకుని పోయేది. దురద మెల్లగా తగ్గింది. ఉగాది దాటాక ఒక మంచి వాన పడింది, ఆ తర్వాత పూర్తిగా పోయింది.

పని మానేసిన ఆ అమ్మాయి మాత్రం తిరిగి రాలేదు. ఆమెకి దురద కంటే "భ్రమ" అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది. దువ్వెన, కాగితం ముక్కలు ఆ రోజే ఎవరైనా తెచ్చి చూపించి ఉంటే ఆమె ఇంకా అక్క పక్కనే కూర్చుని ఉండేది.