లక్క

అండమాన్‌లోని చాతం సామిల్లులో పడాక్ దుంగను కోస్తే రాలే పొట్టు కూడా ఎర్రగానే ఉంటుంది. 1883లో మొదలైన ఆ మిల్లు అండమాన్ పడాక్‌ను దేశమంతా ఎరిగేలా చేసింది. పడాక్ అన్నది బర్మా మాట. చెట్టు మాత్రం మన శేషాచలం ఎర్రచందనానికి దాయాది. వృక్షశాస్త్రంలో రెంటి ఇంటిపేరూ టెరోకార్పస్. అలాంటి కర్రకు రంగెయ్యడమంటే పండుమిరపకాయకు కారం అద్దడమే.

ఎర్రచందనానికి రక్తచందనమనీ పేరుంది. ఈ రక్తానికీ నెత్తురుకూ మొదట్లో సంబంధం లేదు. ‘రంజ్’ ధాతువుకు రంగు పట్టించడమని అర్థం. రక్తమంటే రంగు పట్టినది, అంతే. నెత్తురు ఆ పేరును తరవాత సొంతం చేసుకుంది. రంగు, రాగం, రక్తి, రంజకం అన్నీ ఆ ఇంటివే. అనురాగమూ అద్దకం పనే, విరాగి అంటే వెలిసిపోయినవాడు.

పుట్టుకతో రంగు లేని తెల్లకర్రకు మాత్రం లక్క కావాలి.

సంస్కృతంలో ఇది లాక్షా, ప్రాకృతంలో లక్ఖా, తెలుగులో లక్క. రాక్షసి రక్కసి అయిన దారే ఇదీ: ద్విత్వం రాగానే ముందున్న దీర్ఘం కుదించుకుపోయింది. తమాషా ఏమిటంటే, అమరకోశం లక్కకు రాక్షా అనే పేరు కూడా చెప్పింది! జతు, యావ, అలక్త అనే పేర్లూ అక్కడే ఉన్నాయి. చివరిది ద్రుమామయం, అంటే చెట్టుకు పట్టిన జబ్బు. నిజమే మరి. మోదుగ, రేగు కొమ్మల రసం పీల్చే చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడే లక్క. లక్షల పురుగులుంటాయి కనుక లాక్ష అయిందంటారు కొందరు. వినడానికి బాగుంది. నమ్మడానికి ఇంకాస్త బలమైన సాక్ష్యం కావాలి.

ఆ జబ్బుకు పాణిని దగ్గర గౌరవం తక్కువేమీ కాదు. అష్టాధ్యాయి నాలుగో అధ్యాయం రెండో పాదం అద్దకం మాటలతోనే మొదలవుతుంది. రెండో సూత్రంలోనే లాక్షకు ప్రత్యేక ప్రత్యయం కేటాయించాడు. లక్కరంగు పట్టిన గుడ్డ లాక్షికం.

జతు కథ ఇంకా దూరం పోయింది. పాండవులను కాల్చబోయిన జతుగృహం మనకు లక్కయిల్లు. ఆ జతువుకు లాటిన్ బిట్యుమెన్ దూరపు చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు అంటారు. తారురోడ్డూ లక్కయిల్లూ ఒకే వంశమన్నమాట.

లక్కలో రెండు సరుకులున్నాయి, ఎర్రరంగు ఒకటి, జిగురు ఒకటి. తెలుగు వాటికి వేరు కాపురం పెట్టించింది. అలక్తకం నుంచి వచ్చిన లత్తుక రంగును పట్టుకుని ఆడవాళ్ల పాదాలకు చేరింది. లక్క జిగురును పట్టుకుని ఉత్తరాల మీద ముద్రగా కూర్చుంది. ఇంగ్లీషువాళ్లూ ఇదే పంపకం చేశారు: రంగుకు లేక్, మెరుపుకు లాకర్.

రంగూ జిగురూ మళ్లీ కలిసేది వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో. అక్కడ బొమ్మలకు అంకుడు కర్ర వాడతారు. దాని లాటిన్ పేరులోని టింక్టోరియా అంటే అద్దకానికి పనికొచ్చేదని. ఆకుల్లో నీలిరంగు దాచుకున్న ఈ చెట్టు కర్ర మాత్రం తెల్లన. తరిమెన మీద, ఇప్పటి మాటలో లేతు మీద, గిర్రున తిరిగే కర్రకు రంగు కలిపిన లక్కబిళ్ల ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టేస్తుంది. తరవాత మొగలి ఆకుతో రుద్దితే నిగ్గు తేలుతుంది. కుంచెతో పనే లేదు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి సహజ రంగులను ఈ పనిలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఆడపిల్లల బొమ్మరింట్లో లక్కపిడతలు వెలిసింది ఈ విద్య వల్లనే. ఇప్పుడు సంతల్లో ప్లాస్టిక్ గిన్నెలనూ లక్కపిడతలంటూ అమ్ముతున్నారు. పిడత అననివ్వండి, అభ్యంతరం లేదు. లక్క మాత్రం వాటికి చెల్లదు.